బాగానే ఉన్నాననుకునే మనిషి గేజి

నేను రిటైరయ్యే ఏడాది మా రెస్క్యూ స్టేషన్‌కు ఒక అమ్మాయి వచ్చింది. కంపెనీలో కొత్తగా చేరిన పర్సనెల్ ఆఫీసరు. గోడ మీద బొమ్మలు పడే మిషను పెట్టించి, శిక్షణకు వచ్చిన కుర్రాళ్లందరినీ కుర్చీల్లో కూర్చోబెట్టింది. ఒక్కొక్కరూ లేచి తమ బలం ఒకటి, బలహీనత ఒకటి చెప్పాలంది. శిక్షణ ఇచ్చేవాణ్ణి కాబట్టి నేను వెనుక వరసలో కూర్చుని వింటున్నాను.

మొదటివాడు లేచి, "నా బలం కష్టపడి పనిచేసుడు మేడమ్. బలహీనత గూడ గదే, జర ఎక్కువ కష్టపడత" అన్నాడు. ఆ పక్కవాడు తన బలహీనత నిజాయితీ అన్నాడు. ఇంకొకడు అన్యాయం చూస్తే తనకు కోపం ఆగదని, అదే తన లోపమని చెప్పుకున్నాడు. సగం మంది అయ్యేసరికి బలహీనతలన్నీ సన్మాన పత్రాల్లాగా తయారయ్యాయి. ఆ అమ్మాయి తెలివైనది, నవ్వు ఆపుకుంటూ నా వైపు తిరిగి, "మీరు కూడా చెప్పండి సార్" అంది.

"నా బలహీనత నన్నడిగితే ఏం తెలుస్తదమ్మా. మొగిలి అని ఒకాయన ఉన్నడు, ఆయనను పిలిచి అడుగుండ్రి" అన్నాను. హాలంతా నవ్వింది. నేను మాత్రం నవ్వులాటకు అనలేదు. ఆ మాట ఎందుకన్నానో వివరంగా చెప్పే తీరిక ఇప్పుడు దొరికింది, రాస్తున్నాను. మా గోదావరిఖనిలో బొగ్గు గనిని బాయి అంటాం. బాయి పనిలోకి, అందులోనూ రెస్క్యూలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఇది. ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చింది, ఏ ఆర్డరు మీద ఎవరు సంతకం పెట్టారు అన్న గోల ఇందులో ఉండదు.

సెట్టు కట్టుకున్నాక మాటలుండవు

బాయిలో మంట పుట్టినా, విషవాయువు కమ్మినా అందరూ బయటికి వస్తారు, రెస్క్యూ వాళ్లు లోపలికి వెళ్తారు. వీళ్లేమీ ప్రత్యేకంగా పుట్టినవాళ్లు కారు. మామూలు రోజుల్లో ఎవరి బాయిలో వాళ్లు డ్యూటీ చేసుకుంటారు, కబురొస్తే చేతిలో పని వదిలేసి వస్తారు.

మా కాలంలో వీపు మీద ఆక్సిజన్ సీసా ఉన్న సెట్టు కట్టేవాళ్లు. నోట్లో రబ్బరు గొట్టం, ముక్కుకు క్లిప్పు. ఇక మాట్లాడటం కుదరదు. కెప్టెన్ దగ్గర ఒక హారన్ ఉంటుంది, మిగతాదంతా చేతి సైగలే. ఛాతీ మీద ఒక గేజి వేలాడుతూ ఉంటుంది. గాలి వాడుతున్న కొద్దీ దాని ముల్లు దిగుతుంది. కెప్టెన్ మధ్య మధ్య టీమును ఆపి అందరి గేజీలూ చూడాలి. ఎవరి ముల్లు ముందుగా గీత దగ్గరికి వస్తే, వాడితోపాటు టీమంతా వెనక్కి తిరగాలి. ఈ ఒక్క నియమం మీదే మా ప్రాణాలు ఆధారపడి ఉండేవి. నాకది వచ్చీరాని పాఠంలాగా ఉండేది, పరీక్షలో చెప్పగలిగేవాణ్ణి, అంతే.

ఎందుకంటే నాకు ఒంట్లో బలం ఎక్కువ. మా నాన్న తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి టబ్బుల్లో బొగ్గు నింపిన మనిషి, ఆ భుజాలే నాకూ వచ్చాయి. స్టేషన్‌లో శిక్షణ కోసం కట్టిన ఇరుకు సొరంగం ఒకటుంది, దాన్ని పొగతో, వేడితో నింపి మమ్మల్ని లోపలికి పంపేవారు. దాన్ని పొగ గ్యాలరీ అంటాం. ప్రతిసారీ అందరికంటే ముందు నేనే బయటపడేవాణ్ణి. మాకు శిక్షణ ఇచ్చిన సత్తయ్య సార్ ఒకసారి గుమ్మం దగ్గరే నన్ను ఆపారు.

"నీ ఎనుకున్నోడు ఎట్లున్నడు యోహాన్?"

"వస్తున్నడు సార్."

"వస్తున్నడా, పడ్డడా?"

నేను వెనక్కి తిరిగి చూశాను. పొగ తప్ప ఏమీ కనబడలేదు. నాకు ఆ ప్రశ్న కొంచెం అన్యాయంగా కూడా అనిపించింది. ముందొచ్చినవాణ్ణి మెచ్చుకోవాలి గానీ వెనుకవాడి సంగతి నన్నడుగుతారేమిటి అనుకున్నాను.

మా టీములో మొగిలి ఉండేవాడు. నాకంటే వయసులో కాస్త పెద్ద, సన్నటి మనిషి. ఎప్పుడూ ఏదో ఒక ఫికర్. బాయి దిగే ముందు లైటు ఒకసారి చూసుకుంటే చాలదు, మళ్లీ చూసుకోవాలి. మా అందరినీ "పొద్దుగాల ఏమన్న తిన్నవా?" అని అడిగేవాడు. ఎవరైనా దగ్గితే వాడి వెంటపడేవాడు. మేం ఆయనకు ఫికర్ మొగిలి అని పేరు పెట్టాం. ఆ పేరు పెట్టింది నేనే.

టీముకు కెప్టెన్‌ను నియమించే సమయం వచ్చింది. నాకు ఆ పదవి కావాలి. ఎంతగా కావాలంటే, కాలనీలో అందరికీ అయిపోయినట్టే చెప్పాను, పాస్టరు గారితో ప్రార్థన కూడా చేయించాను. మా ఆవిడ సారమ్మ బూట్లు తోమి పెట్టింది. సత్తయ్య సార్ మొగిలి పేరు చదివారు. నేను ఊరుకోలేక ఆయన గదిలోకి వెళ్లి, "నాల ఏం తక్కువుంది సార్?" అని అడిగాను.

"నువ్వు గట్టోనివి యోహాన్. గందుకే" అన్నారు.

గట్టివాణ్ణి కాబట్టి ఇవ్వలేదా? ఇదెక్కడి లెక్క? ఆ మాట నన్ను చాలాకాలం తొలిచింది. మొగిలితో సరిగా మాట్లాడటం మానేశాను. ఎదురైతే, "కెప్టెన్ సాబ్, లైటు చూస్కున్నవా?" అని వెక్కిరించేవాణ్ణి. ఆయన ఏమీ అనుకోకుండా నిజంగానే లైటు చూసుకునేవాడు, దాంతో నాకు ఇంకా మండేది.

ఇంకో రెండు వరసలు

ఒకరోజు మొదటి షిఫ్టులో మా బాయి నుంచే కబురొచ్చింది. ఎప్పుడో బొగ్గు తీసేసి వదిలేసిన పాత భాగంలో మిగిలిన బొగ్గు తనంతట తానే వేడెక్కి పొగ లేస్తోంది. అందరినీ పైకి తెచ్చేశారు. ఆ భాగానికి గాలి వెళ్లే దారికి అడ్డంగా గోడ కట్టి మూసేస్తే మంట గాలి అందక చల్లారుతుంది. మూయలేకపోతే బాయినే మూయాలి. బాయి ముందర గుమిగూడినవాళ్లు మా వైపు చూస్తూ నిలబడ్డారు. బాయి మూస్తే తమను ఎక్కడికి పంపుతారో, గోలేటికా, ఇంకా దూరమా, పిల్లల బడి ఏమవుతుందో అన్నది వాళ్ల దిగులు. వాళ్లలో నా పక్క క్వార్టర్ల వాళ్లూ ఉన్నారు.

టీములు వంతులవారీగా వెళ్లాయి. మా వంతు వచ్చేసరికి గోడ చాలావరకు లేచింది. లోపల ఎండాకాలం రేకుల షెడ్డులో కూర్చున్నట్టుంది. మిగతావాళ్లు ఇసుక బస్తా ఒక్కొక్కటి మోస్తుంటే నేను రెండేసి మోశాను. నాకు చెమట పట్టింది గానీ ఆయాసం రాలేదు. బాగానే ఉన్నాను. నిజం చెప్పాలంటే చాలా హుషారుగా ఉన్నాను, ఎవరికి కెప్టెన్ పదవి ఇచ్చి ఉండాల్సిందో ఇప్పుడైనా తెలుస్తుంది అనుకుంటున్నాను.

మొగిలి మమ్మల్ని ఆపి గేజీలు చూశాడు. నా దగ్గరికి వచ్చి నా గేజి మీద వేలితో టక్ టక్ మని కొట్టాడు. అరచేయి కిందికి ఊపుతూ మెల్లగా అని సైగ చేశాడు. మళ్లీ ఫికర్ మొదలైంది అనుకుని, గేజి వైపు చూడకుండానే నేను ఇంకో రెండు బస్తాలు ఎత్తుకున్నాను. కాసేపటికి మళ్లీ ఆపాడు, మళ్లీ నా గేజి మీద వేలితో కొట్టాడు, నా కళ్లలోకి చూశాడు. వెంటనే వెనక్కి తిరగమని హారన్ ఊదాడు.

గోడకూ పైకప్పుకూ మధ్య ఇంకో రెండు వరసల ఖాళీ ఉంది. అంతే. నేను చేత్తో చూపించాను, రెండే అని వేళ్లు చూపించాను. ఆయన తల అడ్డంగా ఊపి మళ్లీ ఊదాడు. నేను కదల్లేదు. ఒక క్షణం నిజంగా అక్కడే ఉండిపోదామనుకున్నాను. హారన్ ఊదితే తిరగాల్సిందేనని సత్తయ్య సార్ మాకు నూరిపోసిన అలవాటు వల్ల కాళ్లు తిరిగాయి గానీ మనసు తిరగలేదు. దారంతా ఆయన వీపును చూస్తూ తిట్టుకుంటూ వచ్చాను.

మంచి గాలి ఉన్న మలుపు దగ్గర సత్తయ్య సార్, అధికారులు, మిగతా టీముల వాళ్లు ఎదురుచూస్తున్నారు. మేం నోటి గొట్టాలు తీశామో లేదో అండర్ మేనేజర్ మొగిలి మీద విరుచుకుపడ్డారు.

"రెండు వరసలు మిగిల్చి వస్తారా? పైవాళ్లకు నేనేం చెప్పాలి?"

"గేజి సూసి మర్లినం సార్" అన్నాడు మొగిలి.

"ఎవరి గేజి?"

"టీముది సార్."

"టీముకు గేజి ఉంటుందా? నీకు భయమేసింది, అది చెప్పు." ఆయన నా వైపు తిరిగారు. "యోహాన్, నువ్వు కెప్టెన్‌వైతే పూర్తి చేసి వచ్చేవాడివా?"

అంతకాలంగా నేను ఎదురుచూసింది ఆ ప్రశ్న కోసమే. అవునంటే చాలు. మొగిలి తల వంచుకుని నిలబడ్డాడు. అప్పటికే సత్తయ్య సార్ మా వీపుల మీది సెట్లు విప్పి బల్ల మీద వరసగా పెడుతున్నారు. నేను అటు చూశాను. గేజీల ముళ్లన్నీ ఇంచుమించు ఒక్కచోటే ఉన్నాయి. ఒక్కదాని ముల్లు మాత్రం వాటికి బాగా కింద, గీతను దాటి ఉంది. ఆ సెట్టు పట్టీకి భుజం ఒరుసుకోకుండా పాత చీర పేలిక కుట్టి ఉంది. ఆ పేలిక కుట్టింది మా సారమ్మ.

సత్తయ్య సార్ కూడా ఆ పేలికను చూశారు. ఆ సెట్టును కొంచెం సర్ది, నా మొహం వైపు చూస్తూ నిలబడ్డారు.

అందరికంటే హుషారుగా ఉన్నది నేను. అందరికంటే తక్కువ గాలి మిగిలిందీ నాకే. ఆ రెండు వరసలూ పెట్టి ఉంటే, తిరిగొచ్చే దారిలో ఎక్కడో నన్ను మోసుకురావాల్సి వచ్చేది, మోసేవాళ్ల గాలీ అయిపోయేది.

"తక్కువ నాది సార్" అన్నాను. "మొగిలన్న మర్లకపోతే నేను బయటికి రాకపోదును. ఆయననే కెప్టెన్‌గ ఉండనియ్యుండ్రి."

అండర్ మేనేజర్ గేజీలు చూశారు. కాస్త నీళ్లు నమిలి, తరువాతి టీమును పిలవడానికి వెళ్లిపోయారు. మంచి మనిషే, పైనుంచి ఒత్తిడి అట్లాంటిది.

అప్పుడు సత్తయ్య సార్ నా పక్కన కూర్చున్నారు. "బలమున్నోడు పని ఎక్కువ చేస్తడు. పని ఎక్కువ చేసెటోడు గాలి ఎక్కువ గుంజుతడు. నీకు ఆయాసం రాదు, గందుకే ఆగాలె అని తెల్వదు. గ్యాలరీల గూడ ప్రతిసారి ముందుగాల దిగేది నీ గేజియే. నీకు చెప్పిన గద."

"ఎప్పుడు చెప్పిన్రు సార్?"

"గట్టోనివి, గందుకే అన్న."

అంత చిన్న మాటలో అంత పెద్ద సంగతి పెడితే నాలాంటి మొద్దుకు ఎలా అర్థమవుతుందని ఈ రోజుకీ ఆయన మీద నాకు చిన్న ఫిర్యాదు ఉంది. విడమరిచి చెప్పినా అప్పుడు వినేవాణ్ణి కాదేమో, అది వేరే సంగతి.

పైకి వచ్చాక మొగిలిని అడిగాను. "నా గేజి అని సార్‌కు ఎందుకు చెప్పలేదన్నా?"

"చెప్తే నిన్ను టీములకెల్లి తీసేద్దురు తమ్మీ. నువ్వు లేకుంటే బస్తాలు నేను మొయ్యాలె" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అన్నేళ్లు ఆయనకు ఫికర్ అని పేరు పెట్టి తిరిగాను, ఆ ఫికర్‌లో సగం నా గురించేనని ఒక్కసారి కూడా తట్టలేదు.

ఇంటికొచ్చి సారమ్మకు జరిగిందంతా చెప్పి, ఇక కెప్టెన్‌ను కానులే అన్నాను. "కాకుంటే ఏమాయె, ఇంటికైతే వచ్చినవ్ గద" అని అన్నం పెట్టింది. మరునాడు చర్చిలో మొగిలి పేరు మీద ప్రార్థన చేయించింది. ఆ సంగతి ఆయనకు చెబితే, "మా మల్లన్న దేవునికి గూడ ఒక మాట చెప్పుమను" అన్నాడు.

ఆ రెండు వరసలు వేరే టీము పెట్టింది. దానికి ఇవతల బలంగా ఇంకో గోడ కట్టాల్సి వచ్చి మళ్లీ మా వంతు వచ్చింది. ఈసారి మొగిలి నన్ను తన పక్కనే పెట్టుకున్నాడు. ఒక బస్తా మోయగానే చేయి ఎత్తి ఆపేవాడు, తను చేయి దించితేనే రెండోది. మొదట నాకు చేతులు కట్టేసినట్టే ఉంది. కానీ నా ముల్లు మెల్లగా దిగేసరికి టీమంతా అంతకుముందెప్పుడూ లేనంత సేపు లోపల ఉండగలిగింది. ఆ గోడ మేమే మూసి వచ్చాం. బాయి నిలబడింది, ఎవరూ గోలేటికి పోలేదు. ఇన్నాళ్లూ టీమును వెనక్కి లాగుతున్నది మిగతావాళ్లేనని అనుకున్నాను, లాగింది నా భుజాలే.

వరండాలో మేనేజర్

తమ బలహీనత తమకే తెలిసినవాళ్లు ఉండరా అంటే ఉంటారు. నేను చూసింది ఒక్కరినే. మా బాయికి ఒక మేనేజర్ వచ్చారు, పేరు అనవసరం. పనిలో దిట్ట, మనిషి మెత్తన. ఎవరైనా గదిలోకి వచ్చి కష్టం చెప్పుకుంటే ఆయన నోటికి కాదు అన్న మాట రాదు. వచ్చిన కొద్దిరోజులకే అది అందరికీ తెలిసిపోయింది, గది ముందు చెప్పుల గుట్ట పెరిగింది.

ఆయన ఒకరోజు బల్లను మోయించి లైట్లు తీసుకునే గది ముందు వరండాలో వేయించుకున్నారు. షిఫ్టులు, సెలవుల మాటలన్నీ ఇక అక్కడే, దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ చుట్టూ ఉండగానే. ఒకాయన వచ్చి తనను ఎప్పటికీ మొదటి షిఫ్టులోనే ఉంచమన్నాడు.

"అట్లాగే ఉంచుతానయ్యా" అన్నారు మేనేజర్. "నీ రాత్రి షిఫ్టులు ఎవరు చేస్తారో ఇక్కడే ఉన్నారు కదా, ఒక మాట అడుగు."

ఆయన చుట్టూ చూశాడు. లైటు పట్టుకుని నిలబడ్డవాళ్లంతా ఆయన్నే చూస్తున్నారు. "వద్దులే సార్, నడుస్తది" అని వెళ్లిపోయాడు.

ఆ మేనేజర్ కఠినంగా మారాలని ప్రయత్నించలేదు. ప్రయత్నిస్తే నాలుగు రోజులు అరిచి అయిదో రోజు మళ్లీ మెత్తబడేవారు, నవ్వులపాలయ్యేవారు. తన గుణాన్ని అలాగే ఉంచుకుని కూర్చునే చోటు మార్చుకున్నారు. ఆ మెత్తదనం వల్లే లోపల చిన్న పొరపాటు జరిగినా కార్మికులు దాచకుండా ఆయనకు వచ్చి చెప్పేవారు. నేను చూసిన మేనేజర్లలో గొంతు పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకు నిజాలు ఆలస్యంగా చేరేవి.

శిక్షకుడిగా నేను చేసిన ఒక్క మార్పు

తరువాత నేను రెస్క్యూ స్టేషన్‌లో శిక్షకుణ్ణయ్యాను. సత్తయ్య సార్ కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాను. కుర్రాళ్లు గ్యాలరీ నుంచి బయటికి రాగానే, నువ్వెలా ఉన్నావని నేను అడిగేవాణ్ణి కాదు. అడిగితే వచ్చే జవాబు ఒక్కటే, బాగానే ఉన్నాను సార్. నీ పక్కవాడు లోపల ఎలా ఉన్నాడో చెప్పమనేవాణ్ణి. మొదట్లో కొట్టుకున్నంత పని చేసేవాళ్లు. "నేనెక్కడ తొందరపడ్డ? నువ్వే నిద్రపోతున్నవ్" అని. కొన్నాళ్లకు ఆ మాటలే టీ తాగుతూ నవ్వుకుంటూ చెప్పుకునేవాళ్లు.

కాబట్టి కొత్తగా వచ్చే తమ్ముళ్లకూ, ఇప్పుడు బాయిల్లోకి వస్తున్న చెల్లెళ్లకూ నేను చెప్పేది కొంచెమే. మీకు నొప్పి పెట్టే లోపం గురించి అంత భయపడకండి, దాన్ని మీరే చూసుకుంటారు. నొప్పి లేనిది వేరే ఉంటుంది, మిమ్మల్ని నలుగురూ దేనికి మెచ్చుకుంటారో దాని పక్కనే కూర్చుని ఉంటుంది. దాన్ని చూడగలిగేది మీ పక్కన పనిచేసే మనిషి. ఆ మనిషి మీకు నచ్చకపోవచ్చు, మీరు ఆయనకు పేరు పెట్టి ఎగతాళి కూడా చేస్తూ ఉండవచ్చు. అయినా అడగండి, చెప్పినప్పుడు అలగకండి. నాకైతే అలగకుండా వినడానికి సగం ఉద్యోగం పట్టింది.

గోదావరి వంతెన మీద

రిటైరయ్యాక మొగిలీ నేనూ పొద్దున్నే వంతెన దాకా నడుస్తాం. ఆయనకు షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పి అన్నీ ఉన్నాయి, మందుల డబ్బా జేబులో ఉంటుంది. నాకు ఏమీ లేవు. నేను ముందు నడవడం, ఆయన వెనుక నుంచి "ఆగురా తమ్మీ" అనడం మామూలే.

మొన్న చలికాలంలో ఒకరోజు ఆయన వంతెన మీద నన్ను చేరుకుని నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఏందన్నా?"

"గోదారిని సూస్తున్నవా?"

"అవ్. మంచిగున్నది గద, సూస్తున్న."

"ఇన్నేండ్లల్ల ఎన్నడన్న గోదారిని నిలబడి సూసినవా నువ్వు? నిన్న ఒకపారి సూసినవ్. ఇయ్యాల రెండుపార్లు ఆగినవ్." నా చొక్కా మీద, ఛాతీ మధ్యలో, వేలితో టక్ టక్ మని కొట్టాడు. "నడు, దవాఖానకు పోదాం."

కోపం వచ్చింది. నాకేమైందని? బాగానే ఉన్నాను. ఆ మాట నోటిదాకా వచ్చి అక్కడే ఆగింది. ఆ టక్ టక్ చప్పుడు నాకు తెలుసు. ఆయన వెంట నడిచాను, ఆ రోజు ఆయనే ముందు.

డాక్టరు పరీక్షలన్నీ చేసి, కాగితం చూస్తూ అడిగాడు. "ఆయాసం, నొప్పి, ఏమైనా ఉన్నాయా పెద్దాయనా?"

"ఏం లేవు సార్. బాగానే ఉన్న" అన్నాను.

"గదే సార్ వీని బిమారి" అన్నాడు మొగిలి వెనుక నుంచి.

గుండెకు రక్తం వెళ్లే దారి ఒకటి బాగా మూసుకుపోయిందట. కరీంనగర్‌లో స్టెంటు వేశారు. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరు సారమ్మకు చెప్పాడట, ఆమె నాకు చెప్పలేదు, మొగిలికి చెప్పింది.

ఇప్పుడు మళ్లీ నడుస్తున్నాం. వంతెన మధ్యకు రాగానే మొగిలి చేయి ఎత్తుతాడు, నేను ఆగుతాను. ఆయన చేయి దించేదాకా ఇద్దరం రెయిలింగు పట్టుకుని నిలబడతాం. గోదావరి నిజంగానే మంచిగా ఉంటుంది.